లంచ్ టైంలో ఒక్క రాయి

మొన్న బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి నేను పానగల్లులో ఉన్నాను. పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలో చెట్టు నీడన కూచొని, ఒక చేతిలో జొన్నరొట్టె ముక్క పట్టుకొని, ఎనిమిది వందల ఏళ్ల కింద చనిపోయిన ఒక మనిషి మీసం రాతి మీద ఎటు తిరిగి ఉందా అని చూస్తున్నాను. పైకే తిరిగి ఉంది. పోయే ముందు కూడా దువ్వుకొనే పోయినట్టున్నాడు. రాత్రి ఇంట్లో ఈ మాట చెబితే మా ఆయన "మీ ఆఫీసులో పని లేదా" అన్నాడు. పనికేం, బోలెడుంది. కానీ లంచ్ కూడా ఉంది కదా, ఆ కాసేపు నాది.

మా ఆఫీసు నల్లగొండ టౌన్‌లో. పానగల్లు బండి మీద పది నిమిషాలు. అరగంట లంచ్‌లో రానూపోనూ ఇరవై నిమిషాలు, ముచ్చట ఇంకో ఇరవై నిమిషాలు, లెక్క కుదరదని తెలుసు, నేను చేసేదే అకౌంట్స్ సెక్షన్‌లో. అందుకే బుధవారాలు పొద్దున పావుగంట ముందొచ్చి కూచుంటాను. మా పై ఆఫీసరు రెండుసార్లు అడిగాడు, మూడోసారి అడగలేదు. అడగలేదంటే ఒప్పుకున్నట్టు కాదు, విసుగొచ్చినట్టు.

ఇది ఎట్లా మొదలైందంటే, పోయిన ఏడు మే నెలలో ఒక రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది, మా సెక్షన్ అక్క "పానగల్లు గుడికాడ చల్లగ ఉంటది, డబ్బాలు పట్టుకొని పోదాం పా" అంది. నల్లగొండలో పుట్టి పెరిగినదాన్ని, ఆ గుడికి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. శివరాత్రికి పోయాను, పెళ్లి ఫొటోలకు పోయాను, చుట్టాలొస్తే తిప్పడానికి పోయాను. పక్కనే ఉన్న మ్యూజియంలోకి మాత్రం ఒక్కసారే, అదీ ఆరో తరగతిలో, బడి పిల్లలందరం వరుస కట్టి ఒక తలుపులో నుంచి పోయి ఇంకో తలుపులో నుంచి వచ్చాం. ఆ రోజు గుర్తున్నది ఒక్కటే, బయట పాలైసు అమ్మే బండి.

చెట్టు కింద డబ్బాలు తెరిచేసరికి అవతల ఒక పెద్దాయన రాయి ముందు నిలబడి ఇద్దరు పిల్లలకు ఏదో చెబుతున్నాడు. రిటైరైన సోషల్ సారు. గ్రూప్స్‌కు చదువుతున్న ఆ పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు. ఆయన చెప్పేది మాకు సగమే వినబడుతోంది, మిగతా సగం కోసం మా అక్క డబ్బా పట్టుకొని లేచి పోయింది, దాని వెనక నేను. ఇరవై నిమిషాలు అయ్యాక ఆయన వాచీ చూసుకొని, "సరే అమ్మా, వచ్చే బుధవారం ఇంకో రాయి" అని గొడుగు తీసుకొని వెళ్లిపోయాడు. అంతే. పేరు లేదు, సంఘం లేదు, ఫ్లెక్సీ లేదు, పైసా లేదు. నాకు నచ్చింది అదే.

ఇక్కడ కొంచెం కోపం తీర్చుకుంటాను, ఏమనుకోకండి. మన దగ్గర చరిత్ర మీద మీటింగ్ అంటే సాయంత్రం ఆరింటికి అని కార్డు వేస్తారు, ఏడుంపావుకు ముఖ్య అతిథి వస్తాడు, దీపం వెలిగిస్తారు, శాలువాలు కప్పుతారు, మెమెంటో ఇస్తారు, ఆ మెమెంటో ఇస్తున్న ఫొటో రాలేదని మళ్లీ ఇస్తారు, అసలు వక్త మైకు ముందుకు వచ్చేసరికి ఎనిమిదిన్నర, ఆయనకు చీటీ వస్తుంది, "క్లుప్తంగా ముగించగలరు". ఆ టైంకు ఏ ఆడమనిషి ఉంటుంది చెప్పండి. ఇంట్లో కూర పొయ్యి మీద ఉంటుంది, పిల్లల హోంవర్కు ఉంటుంది, చివరి బస్సు ఉంటుంది. పొద్దున మనది కాదు, సాయంత్రం మనది కాదు. రోజంతటిలో ఉద్యోగం చేసే ఆడవాళ్లకు ఎవరూ లెక్క అడగని సమయం ఏదైనా ఉందంటే అది టిఫిన్ బాక్స్ మూత తీసినప్పటి నుంచి పెట్టేదాకా. సారు ఇవన్నీ ఆలోచించి పెట్టలేదు, ఆయనకు మధ్యాహ్నం నిద్ర పట్టదు, అందుకని వచ్చేవాడు. మాకు మాత్రం కలిసొచ్చింది.

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో మధ్యాహ్నం పూట టికెట్ లేకుండా గ్యాలరీలో నిలబడి ముప్పావుగంట మాట్లాడే అలవాటు ఎన్నో ఏళ్లుగా ఉంది. అక్కడే నేషనల్ గ్యాలరీలో అయితే రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు బాంబులకు భయపడి బొమ్మలన్నీ వేల్స్ కొండల్లో ఒక పలకరాయి గనిలో దాచారు, ఖాళీ గోడలు చూడలేక 1942 నుంచి నెలకు ఒక్క బొమ్మను మాత్రం పైకి తెచ్చి పెట్టారు, ఆ ఒక్క బొమ్మ కోసం జనం వచ్చేవాళ్లు. ఈ సంగతి తెలిశాక నాకు సారు పద్ధతి ఇంకా అర్థమైంది. ఒక్కటే చూపిస్తే చూస్తారు. నూరు చూపిస్తే నడుస్తారు.

ఆ మొదటి రాయి వీరగల్లు, అంటే పోరాడి చనిపోయిన వీరుడి గుర్తుకు పెట్టిన రాయి. నడుము ఎత్తు ఉంటుంది, పైన గుండ్రంగా, మూడు అంతస్తులుగా చెక్కి ఉంటుంది. సారుకు ఒక నియమం ఉంది, ముందు ఐదు నిమిషాలు ఆయన నోరు తెరవడు, మనమే చూసి ఏం కనబడుతోందో చెప్పాలి, ఫోన్ బయటికి తీయొద్దు. ఐదు నిమిషాలు ఒక రాయిని చూడటం ఎంత కష్టమో చూస్తే గానీ తెలియదు. రెండో నిమిషానికే బుర్ర కరెంటు బిల్లు వైపు పోతుంది. మూడో నిమిషంలో కింది అంతస్తులో కత్తి కనబడింది. తర్వాత డాలు. తర్వాత కింద పడి ఉన్న ఇంకో మనిషి కాలు. మా అక్క "సార్, గిక్కడ ఆవు ఉన్నది" అంది. మేమందరం వంగి చూస్తే నిజమే, మూలకు చిన్న ఆవు, దాని వెనక ఇంకో ఆవు తల.

అప్పుడు సారు మొదలుపెట్టాడు. కింది అంతస్తు చావు. పశువులను తోలుకుపోవడానికి వచ్చిన వాళ్లను అడ్డుకొని ఈయన చనిపోయాడు, ఆవుల అర్థం అదే. నడిమి అంతస్తులో ఇద్దరు అప్సరసలు రెండు చేతులు పట్టుకొని ఆయన్ను పైకి తీసుకుపోతున్నారు. పై అంతస్తులో శివలింగం ముందు ఆయన దండం పెట్టుకొని కూచున్నాడు, అంటే కైలాసం చేరాడు. ఆ పైన సూర్యుడు, చంద్రుడు, అవి ఉన్నంత కాలం ఈయన పేరు ఉండాలని. కింది నుంచి పైకి చదవాలి. మనం పుస్తకం పై నుంచి కిందికి చదువుతాం కాబట్టి ఎప్పుడూ కైలాసంలోనే ఆగిపోయి దేవుడి రాయి అనుకొని పసుపు పెట్టి వచ్చేస్తాం అన్నాడు.

ఆ మాట అనగానే నా చేతిలో ముద్ద ఆగిపోయింది. మా అమ్మమ్మ ఊళ్లో చెరువుకట్ట మీద అట్లాంటి రాయే ఉంది. చిన్నప్పుడు సెలవులకు పోతే ప్రతి ఆదివారం దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఒక చెంబు నీళ్లు పోసి వచ్చేదాన్ని, ఎల్లమ్మ అనే అనుకున్నాను, ఊరందరూ అదే అంటారు. ఆ నెలలోనే పోయి తడిగుడ్డతో మెల్లగా తుడిచాను. పసుపు పొర కింద పసుపు, దాని కింద నూనె, దాని కింద ఎప్పటిదో సున్నం. ఎల్లమ్మకు మీసాలు ఉన్నాయి. చేతిలో కత్తి, వీపు మీద జుట్టు ముడి. కింద ఆవులు లేవు, గుర్రం ఉన్నట్టుంది, సరిగ్గా తెలియడం లేదు, అక్కడ రాయి పెచ్చు ఊడింది. మా అమ్మమ్మను తీసుకొచ్చి చూపిస్తే కాసేపు చూసి, "నిజమే, మొగాయనే" అంది. "ఇన్నొద్దులు చీర పెట్టినం గదనే" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ వారం నుంచి పంచె పెడుతున్నారు. ఎల్లమ్మ అనడం మాత్రం మానలేదు.

తర్వాతి వారాల్లో శాసనాలు. నాకు శాసనం అంటే రాజుల గొప్పలు, పరీక్షలో ఐదు మార్కులు. సారు ఒక ముక్క చదివి వినిపించాడు, మన శాసనాల్లో చాలా వాటి చివర ఉండే శ్లోకం అది:

స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం
షష్టివర్ష సహస్రాణి విష్ఠాయాం జాయతే కృమిః

తాను ఇచ్చిన భూమి అయినా సరే, ఇంకొకరు ఇచ్చిన భూమి అయినా సరే, దాన్ని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడు. మా గుంపులో బ్యాటరీ షాపులో పనిచేసే ఒక తమ్ముడు ఉన్నాడు, ఎప్పుడూ వెనక నిలబడి మిర్చి బజ్జీ తింటుంటాడు, ఒక్క మాట మాట్లాడడు. ఆ రోజు మాట్లాడాడు. "సార్, గిది రిజిస్ట్రేషన్ కాయితం మీద గుద్దాలె." అందరం నవ్వాం గానీ ఆ తమ్ముడు నవ్వలేదు. వాళ్ల ఎకరన్నర భూమి ఏదో పంచాయితీలో ఉందని తర్వాత తెలిసింది. తొమ్మిది వందల ఏళ్ల కింద రాసిన తిట్టు ఒకటి, ఇవాళ మధ్యాహ్నం ఒక మనిషికి సరిగ్గా తగలడం నేను కళ్లారా చూశాను.

దీపానికి గొర్రెలు ఇచ్చిన శాసనాలు కూడా ఉంటాయని అప్పుడే తెలిసింది. గుడిలో అఖండ దీపం వెలగాలని ఒకరు మొక్కుకుంటారు, డబ్బు ఇస్తే ఖర్చయిపోతుంది, అందుకని గొల్లవాళ్లకు ఒక మందను అప్పగించి రోజుకు ఇంత నెయ్యి గుడికి పోయాలని రాయిస్తారు. గొర్రెలు ముసలివై చచ్చినా పిల్లలు పెట్టుకుంటూ పోతాయి కాబట్టి మంద అట్లాగే ఉంటుంది, దీపం ఆరదు. ఫిక్స్‌డ్ డిపాజిట్టే ఇది, కాకపోతే వడ్డీ నెయ్యి రూపంలో. అకౌంట్స్ మనిషిని కదా, నాకు ఇది రాజుల యుద్ధాల కన్నా బాగా ఎక్కింది.

యుద్ధం అంటే గుర్తొచ్చింది. పానగల్లు కందూరు చోడుల రాజధాని. 11, 12 శతాబ్దాల్లో వాళ్లు కట్టించినవే ఈ గుళ్లు. ఇటు వాళ్లు, అటు అనుమకొండలో కాకతీయులు పెరుగుతున్న కాలం. కాకతి రుద్రదేవుడు వేయిస్తంభాల గుడిలో వేయించిన పెద్ద శాసనం జిరాక్స్ సారు తెచ్చాడు. శక సంవత్సరం 1084, చిత్రభాను, మాఘ మాసం. శక సంవత్సరానికి 78 కలిపితే మన సంవత్సరం వస్తుందని పిల్లలు టకటకా 1162 అన్నారు. "తప్పు" అన్నాడు సారు. శక సంవత్సరం మారేది ఉగాదికి. మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు క్యాలెండర్‌లో జనవరి వచ్చేస్తుంది, కాబట్టి 79 కలపాలి, 1163. 2002 ఉగాదికి వచ్చింది కూడా చిత్రభానే, అంటే అప్పటికి పద్నాలుగు అరవైలు తిరిగాయన్న మాట. పిల్లల్లో ఒక అమ్మాయి "సార్, గిది పేపర్ల వస్తదా" అని అడిగింది. ప్రతి వారం ఎవరో ఒకరు అడుగుతారు. ప్రతి వారం ఆయన "రాదు" అనే అంటాడు, అయినా రాసుకుంటారు.

ఆ శాసనంలో ఒక చోట, రుద్రదేవుడి భయంతోనే చోడోదయుడు చనిపోయాడని ఉంటుంది. చోడోదయుడంటే ఉదయ చోడుడు, మన కందూరు రాజు. గెలిచినవాడు రాయించుకున్న మాట, అట్లాగే ఉంటుంది మరి. సారు ఆ ముక్క చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకొని, "పొద్దున నీళ్లు తాగి వచ్చిన్రా" అని అడిగాడు. తాగాం. "ఎక్కడి నీళ్లు?" ఉదయసముద్రం నీళ్లు. ఆ చెరువు ఆ ఉదయుడి పేరు మీద ఉన్నదే, ఇప్పుడు బ్యాలెన్సింగ్ రిజర్వాయర్, నల్లగొండకు కుళాయి నీళ్లు అక్కడి నుంచే. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన జిల్లా ఇది, ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టారు, గొప్ప అనుకోవాలో ఏడవాలో తెలియని పేరు. మంచినీళ్ల చెరువు విలువ మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. భయంతో చచ్చాడని రాతి మీద రాయించారు, ఆయన నీళ్లు మేం రోజూ బిందెలకు పట్టుకుంటున్నాం. సారు అది కూడా చెప్పలేదు, "ఎక్కడి నీళ్లు" అని ఊరుకున్నాడు. ఆఫీసుకు పోతూ కట్ట కనబడేసరికి బండి పక్కకు ఆపాను, పది నిమిషాలు లేట్.

అన్ని వారాలూ ఇంత బాగుంటాయని కాదు. కొన్నిసార్లు సారు రాయి వదిలేసి తన సర్వీసులో జరిగిన ట్రాన్స్‌ఫర్ల కథలోకి పోతాడు, వెనక్కి రావడానికి పదిహేను నిమిషాలు. వానాకాలంలో మూడు వారాలు నేనూ అక్కా ఇద్దరమే. ఒకసారి ఎవరూ లేరు, నేనొక్కదాన్నే, సారు అయినా చెప్పాడు, తరగతిలో యాభై మంది ఉన్నట్టే "వెనక వాళ్లకు వినబడుతోందా" అని కూడా అడిగాడు.

ఒకసారి మాత్రం రాయి కాదు, ముంత తెచ్చాడు. రెండు చేతుల్లో ఇమిడే చిన్న మట్టి ముంత, సంతలో కొన్నది. 2024 మార్చిలో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో తవ్వుతుంటే ఇంతకంటే పెద్దగా లేని కుండలో 3,730 సీసం నాణేలు దొరికాయి. ఒక్కోటి సగటున 2.3 గ్రాములు, ఒక వైపు ఏనుగు, ఇంకో వైపు ఉజ్జయిని గుర్తు, అంటే కూడిక గుర్తు, దాని నాలుగు కొసలకు నాలుగు సున్నాలు. "మొత్తం ఎంత బరువు?" అని అడిగాడు. నేను ముందు చెప్పాను, ఎనిమిదిన్నర కిలోల పైన. "ఇంత ముంతలో ఎనిమిదిన్నర కిలోలు, ఎత్తి చూడండి మనసులో." ఎవరు దాచారో, ఎందుకు దాచారో, తిరిగి ఎందుకు రాలేదో. ఫణిగిరి అంటే పాము పడగ లాంటి గుట్ట, పైన బౌద్ధుల స్తూపం, విహారాలు, అక్కడ దొరికిన సున్నపురాయి తోరణం 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా పోయి ప్రదర్శనలో నిలబడి వచ్చింది. మా అక్క పుట్టిల్లు దానికి దగ్గరే. "మా గుట్ట అమెరికా పోయొచ్చింది, నేను హైదరాబాద్ కూడా సక్కగ చూడలే" అంది.

ఛాయా సోమేశ్వరం గురించి రాయకపోతే నల్లగొండ వాళ్లు ఊరుకోరు. మూడు గర్భగుడుల గుడి, అందులో ఒక దాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా ఉంటుంది. ముందు నాలుగు స్తంభాలున్నా నీడ ఒక్కటే. ఆ రోజు గంట పర్మిషన్ పెట్టి పోయాను. సారు ఏం చెప్పకుండా మమ్మల్ని బయట నేల చూడమన్నాడు. ఎండ నేరుగా పడితే వచ్చే నీడ అయితే పొద్దుతో పాటు తిరగాలి కదా. లోపలికి వచ్చేది నేరుగా ఎండ కాదు, బయట నేల మీద, రాళ్ల మీద పడి చెదిరిన వెలుగు, అది స్తంభాలకు రెండు పక్కల నుంచి లోపలికి జారుతుంది, ఎక్కడ అందదో అక్కడ నిలువు చీకటి గీత మిగులుతుంది. సూర్యుడు ఎటు తిరిగినా బయటి వెలుగు వెలుగే కాబట్టి గీత అక్కడే. ఒక ఫిజిక్స్ లెక్చరర్ ఇదంతా బొమ్మ చేసి మరీ చూపించాడట. విన్నాక పూజారి గారి వైపు చూశాను, ఆయనకు కోపం వస్తుందేమోనని. ఆయన హారతి పళ్లెం ఇటు చాపి, "మరి అట్ల కట్టాలని వాళ్లకు తోచింది చూడమ్మా, అదే దేవుడు" అన్నాడు. సారు కూడా హారతి కళ్లకు అద్దుకున్నాడు.

ఇప్పుడు నా పరువు పోయిన సంగతి. డిసెంబరులో సారుకు జ్వరం. "ఈ వారం నువ్వు చెప్పమ్మా, ఏడాది విన్నావు కదా" అని ఫోన్. రాత్రంతా టెన్షన్. ఒక రాయి ఎంచుకున్నాను, నిలువు గుంజ లాంటిది, దాని నుంచి మోచేయి దగ్గర వంగిన ఒక చేయి బయటికి వస్తుంది, అరచెయ్యి మన వైపు. ఆ రోజు ఎనిమిది మంది వచ్చారు, ఇద్దరు కొత్తవాళ్లు. ఐదు నిమిషాలు చూడమన్నాను, సారు లాగే వాచీ చూసుకున్నాను, తర్వాత గొంతు సవరించుకొని ఇది అభయహస్తం, అమ్మవారు భక్తులకు భయపడొద్దని చెప్పే ముద్ర అని మొదలుపెట్టి, బాగానే పోతోంది అనుకుంటూ శక్తి పూజల దాకా వెళ్లాను.

వాచ్‌మన్ అన్న గేటు దగ్గర కుర్చీలో కూచొని వింటున్నాడు. ప్రతి బుధవారం వింటాడు, మేం పట్టించుకోం. లేచి వచ్చి, నాకు ఒక్కదానికే వినబడేట్టు, "మేడం, అది అమ్మవారి చెయ్యి గాదు. గాజులు చూడున్రి" అన్నాడు. చూశాను. మణికట్టు నుంచి పైదాకా గాజులు చెక్కి ఉన్నాయి. సతి రాయి. భర్త చనిపోతే చితిలోకి పోయిన మనిషి గుర్తుకు పెట్టిన రాయి. చేతికి గాజులు చెక్కారంటే ముత్తయిదువగానే పోయిందని చెప్పడం. చెక్కినవాడు చేయి మాత్రం చెక్కాడు, మొహం లేదు, పేరు లేదు. పక్కనే ఉన్న వీరగల్లులో మొగుడికి మీసం కొసలు కూడా చెక్కారు.

తప్పు చెప్పానని అందరికీ చెప్పేశాను. ఏం మాట్లాడాలో తోచలేదు, మిగిలిన పది నిమిషాలు వాచ్‌మన్ అన్ననే చెప్పమన్నాను. ఆయన మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత మెల్లగా, తడబడకుండా, సారు కన్నా బాగా చెప్పాడు. రోజూ ఆ రాళ్ల మధ్య ఉండే మనిషి, ఏ రాయి మీద ఏ వేళకు ఎండ పక్క నుంచి పడి గీతలు లేస్తాయో ఆయనకు తెలుసు, ఆ గాజులు మధ్యాహ్నం నడినెత్తి ఎండలో కనబడవని, నాలుగు దాటాక చూస్తే ఒక్కోటీ లెక్కపెట్టొచ్చని కూడా ఆయనే చెప్పాడు. నేను నాలుగు తర్వాత ఎప్పుడు వస్తాను? ఒక సెలవు రోజు కావాలనే పోయి లెక్కపెట్టాను. పదకొండు.

మహబూబ్‌నగర్‌లో మా వదిన ఇవన్నీ విని "మా దగ్గర కూడ పెడితే బాగుండు" అంటోంది. మన దిక్కు ఊర్ల పేర్లు జంటలు కదా, పానగల్లు ఇక్కడొకటి, వనపర్తి దిక్కు కోట ఉన్నది ఇంకొకటి, పిల్లలమర్రి సూర్యాపేట దగ్గర కాకతీయుల కాలం గుళ్లున్న ఊరు ఒకటి, పాలమూరులో మర్రిచెట్టు ఇంకొకటి. ఆ చెట్టు పక్కన కూడా మ్యూజియం ఉంది, శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన గుడి ఉంది. చెట్టుకేమో 2017లో కొమ్మ విరిగితే చెదల మందు సెలైన్ సీసాల్లో ఎక్కించారు, అది చూడటానికి పోయినవాళ్లు కూడా పక్కనున్న గుడి ఎక్కడి నుంచి వచ్చిందో అడగలేదు అంటుంది వదిన. "చెప్పేవాళ్లు ఎవరున్నరు" అంటుంది. నేనన్నాను, ముందు నువ్వు డబ్బా పట్టుకొని పోయి ఒక రాయి ముందు ఐదు నిమిషాలు నిలబడు, ఫోన్ తీయకు, అక్కడి వాచ్‌మన్‌ను పలకరించు. "పిచ్చిదనుకుంటరు" అంది. అనుకుంటారు, మొదటి రెండు వారాలు.

సారుకు జ్వరం తగ్గింది. మొన్న కొత్తగా నలుగురు వచ్చారని వాళ్ల కోసం మళ్లీ మొదటి వీరగల్లే చెప్పాడు, అందుకే ఆ మీసం చూస్తూ కూచున్నాను. వచ్చేవారం ఏ రాయి అంటే చెప్పడం లేదు, వాచ్‌మన్ అన్నను చూసి నవ్వుతున్నాడు. అన్న మాత్రం ఒక కుర్చీ తెచ్చి గోడ పక్కన, మేం ఎప్పుడూ చూడని మూలలో వేసి పెట్టాడు. అక్క సర్వపిండి తెస్తానంది, నేను పచ్చిపులుసు.